సముద్రం ఎడమ వైపు

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి
ఆటోనగర్‌లో షట్టర్లన్నీ దిగిపోతాయి.
మా కొట్టుది మాత్రం సగానికే.
వంగి వచ్చేవాళ్ళు వంగి వస్తారు.
బ్రేక్ షూల అట్టపెట్టెల మీద టీవీ,
చచ్చిన బ్యాటరీల మీద జనం,
కౌంటర్ వెనక నేను, బిల్లు పుస్తకం మూయకుండా.
ఆడపిల్లకి కార్ల ప్రోగ్రామేటని అడిగినోణ్ణి ఒకసారి
క్లచ్ ప్లేట్లెన్ని రకాలో చెప్పమన్నాను.
తర్వాతెవరూ అడగలేదు.

ఈ వారం 'మూడో గేరు' మన ఊళ్ళో.
పది రోజుల్నించీ ఇదే మాట.
మళ్ల సన్యాసిరావు కొత్త చొక్కా తొడుక్కొచ్చాడు
టీవీలో కనబడేది తనేనన్నట్టు.

మీగడ రంగు పాత ఫియట్ ఒకటి,
చప్పుడు చెయ్యని బ్యాటరీ కారొకటి.
ఆర్కే బీచి నుంచి భీమిలి దాకా పందెం.
మొదటి అయిదు నిమిషాలూ ఈలలే.
"అదిగో, మా బావ బజ్జీల బండి!"
అరసెకను కనబడి పోయిన ఆ పొయ్యి పొగకి
చప్పట్లు కొట్టాం.

అప్పుడు లేచాడు కొవిరి ఎల్లాజీ,
జాలారిపేట వాడు,
పొద్దున్న వల, మధ్యాహ్నం నుంచి వెల్డింగు.
"ఆగండ్రా.
భీమిలెల్తంటే సముద్రం కుడిచేతేపు కదేటి ఉండాల?
ఎడంపక్కకెలాగొచ్చీసింది?"

నిజమే.
నీలంగా, ఏ తప్పూ ఎరగనట్టు,
సముద్రం ఎడమ వైపు.

తిరిగొచ్చేటప్పుడు తీసిన ముక్కని
వెళ్ళేటప్పటికి అతికించారు.
అక్కణ్ణించి ఎవరూ పందెం చూడలేదు,
కుట్లు చూశారు.
ఋషికొండ మలుపులో వంగిన ఫియట్
ఎన్‌ఏడీ వంతెన మీద తేలింది.
నీడలేమో పడమటికి పడుతున్నాయి,
ఆ యాంకరేమో 'ఈ చల్లని సాయంత్రం' అంటున్నాడు.

పాత కారే గెలిచింది.
మామూలుగా అయితే చొక్కాలు విప్పి తిప్పేవాళ్ళు.
ఒక్క చెయ్యీ లేవలేదు.

మూల స్టూలు మీద ఆర్టీసీ జోగారావు గారు.
శుక్లాలు ముదిరి బొమ్మ ఆనదాయనకి,
చెవుల్తోనే చూస్తారు.
"తెన్నేటి పార్కు మిట్ట ఎక్కినప్పుడు వినబడిన మోత
ఆ బండిది కాదర్రా. అది డీజిలు.
పెరుగన్నం మీద పోపులాగ పైన పోశారు."

సన్యాసిరావు ముఖం చూడలేకపోయాను.
"నాలుగేళ్ళు! ఆదివారం పెళ్ళిళ్ళు మానీసి చూసినాను.
కేబులు పీకించేస్తాను రేపే."
"సినిమాలో చచ్చినోడు నిజంగా చస్తాడా?
అయినా ఏడవట్లేదూ?" అన్నాడు టింకర్ మస్తాన్‌వలి.
"సినిమా, సినిమా అని చెప్పే వస్తాది కదా!"
ఆ మాటకి మస్తాన్‌వలి దగ్గర జవాబు లేదు.
టీ గ్లాసు ఒకటి పగిలింది, కోపానికి కాదు,
కాలు తగిలి.

నేను చెప్పలేదు గానీ,
పందెం మొదలవక ముందు,
కెమెరా ఇంకా తన వైపు తిరగలేదనుకుని కాబోలు,
ఆ యాంకరు డాష్‌బోర్డుని రెండుసార్లు తట్టాడు,
మొరాయించే దూడ వీపు తట్టినట్టు.
పెదవులు కదిలాయి.
మాట వినబడలేదు.
దాన్ని అతికించాల్సిన అవసరం
ఎవరికుంటుంది?

పదిన్నరకి షట్టరు కింద నుంచి
ఒక్కొక్కరే వంగి వెళ్ళారు.
ఇంక రానన్న సన్యాసిరావు
వీధి దీపం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.
"వచ్చేవారం ఎక్కడంట?"
"అరకు."
"అయితే ఘాటు మలుపులు లెక్కెట్టాల," అన్నాడు ఎల్లాజీ,
ఇప్పట్నించే వేళ్ళు మడుస్తూ.

గాజు ముక్కలు ఊడ్చి తాళం వేశాను.
ఉప్పు గాలికి నా స్కూటీ
ఒక పట్టాన స్టార్టవదు.
అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు.
హ్యాండిల్ మీద రెండుసార్లు తట్టాను.

స్టార్టవలేదు.
అతనేదో అన్నాడు కదా,
ఆ మాటేదో నాకు తెలీదు.
కిక్కు కొట్టాను.