పెన్సిల్ గీతలు

ఎయిబార్ గ్రంథాలయంలో నేను పుస్తకాలు సర్దుతాను.
డిటెక్టివ్ నవలల అంచుల్లో ఎవరో
పెన్సిల్‌తో తగువు పెట్టుకుంటున్నారని
మూడేళ్ల కిందటే కనిపెట్టాను.

నలభై ఏడో పేజీ:
“ఆరు తూటాల రివాల్వర్. ఏడోది ఎవరి దగ్గర అప్పు తెచ్చాడు?”
నూట పన్నెండు:
“రివాల్వర్‌కి సైలెన్సరా! కుండ పక్కన చిల్లుంచి
మూతికి గుడ్డ కట్టినట్టుంది.”
హీరో పిస్తోలు బొడ్లో దోపుకుని
ఇళ్ల కప్పుల మీద దూకుతున్న చోట:
“కిలో బరువు. ముందు ప్యాంటు దూకుతుంది.”

మొదట్లో రబ్బరుతో తుడిచేదాన్ని.
తర్వాత తుడుద్దామని తెరిచి
చదువుకుని
మూసేసేదాన్ని.

ఒక తుంపర సాయంత్రం దొరికాడు, ఇన్యాషియో.
ఎడమ చెవి వినపడదు.
ఇంటింటా తుపాకీ ముక్క ఏదో ఒకటి తయారైన లోయ ఇది.
ఆయన పరీక్షశాలలో ముప్పై ఎనిమిదేళ్లు:
మందు కాస్త ఎక్కువ దట్టించి, ఇసుకలోకి పేల్చి,
గొట్టం పగలకపోతే ముద్ర కొట్టడం.

“జరిమానా ఎంత?” జేబు తడుముకున్నాడు.
వద్దన్నాను. శనివారం బిల్బావో నుంచి
ఒక రచయిత్రి వస్తోంది, ఆమెకి చెప్పమన్నాను.

అమగోయా నోట్‌బుక్ నింపేసుకుంది.
పేలాక చెవిలో ఎంతసేపు గింగురుమంటుంది,
జనవరిలో ఇనుము అరచేతిని ఎలా కొరుకుతుంది,
వాసన
(సగం కాలిన అగ్గిపుల్ల, దాని వెనక మిషను నూనె).
కాఫీ చెంచాతో గురి చూపించాడు,
చక్కెర డబ్బా మూతతో సిలిండర్ తిప్పాడు.
ఆయన్ని అంత హుషారుగా నేనెప్పుడూ చూడలేదు.

చివర్లో ఆమె, తల ఎత్తకుండానే:
“మరి తూటా తగిలిన మనిషి ఎలా పడతాడు?”

చెంచా బల్ల మీద పెట్టాడు.
“మేం ఇసుకనే కాల్చామమ్మా.

నా ముద్ర పడ్డవి లక్ష దాటి ఉంటాయి.
రైలెక్కాయి, ఓడెక్కాయి.
ఒక్కటీ ఉత్తరం రాయలేదు.
అందుకే ఇవి చదువుతాను.
తుపాకీ దగ్గర తప్పుంటే దిద్దుతాను.
ఆ తర్వాతది
మీరంతా తెలిసే రాస్తారనుకున్నాను.”

ఆమె కలం మూత వెతుక్కుంది.
అది చేతిలోనే ఉంది.

ఆ రాత్రి తలుపులు వేశాక
ఆయన తీసుకెళ్లిన పుస్తకాలన్నీ మళ్లీ తెరిచాను.
పేలేదాకా గీతలే గీతలు.
మనిషి కూలిన ప్రతి పేజీలోనూ
అంచు తెల్లగా ఉంది,
కింది మూల మాత్రం
వేళ్ల మధ్య నలిగి నలిగి
గుడ్డలా మెత్తబడింది.