ముట్టుకోకపోతే పదేళ్ళు

ఐదున్నరకి గొలుసు చప్పుడైతే చాలు,
మంచం కింద నుంచి ముందు తోక వస్తుంది,
తర్వాత కందిపొడి వస్తుంది.
రంగు అది. పేరు పెట్టింది మా తమ్ముడు ప్రభుదాసు,
అన్నంలో నెయ్యి వేసుకుంటూ.

వీధి తలుపు వానకి ఉబ్బింది.
భుజంతో ఒకసారి, మోకాలితో ఒకసారి,
చివరికి బతిమాలితే తెరుచుకుంటుంది.
చిత్రిక పట్టిద్దామంటే వాడు వద్దంటాడు:
"ఎండాకాలం సందులోంచి వీధి మొత్తం కనబడుద్ది."

బ్రాడీపేటలో నిలువుగా అంకెలు, అడ్డంగా అంకెలు.
దానికి అవేం పట్టవు. దాని లెక్క వేరు:
జిరాక్స్ షాపు మెట్టు, ఇడ్లీ బండి పక్క కాలవ,
ట్యూషన్ సెంటరు ముందు సైకిళ్ళలో ఎప్పుడూ మూడోది.
ఆగి ఆగి చదువుతుంది.
చేతిలో గొలుసుతో నేను
అక్షరాలు రానిదాన్లా నిలబడతాను.

గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగిన రోజు
వరసగా నాలుగు తుమ్ముతుంది.
బండి దగ్గర నాంచారమ్మ ప్రతి తుమ్ముకీ "నూరేళ్ళు" అంటుంది.
నాలుగు వందల ఏళ్ళు దానికిచ్చేసి
నాకు చిల్లర ఇస్తుంది.

ఆ పైన మొగలో ప్లీడరు గారి ఇల్లు లేదు.
ఆగస్టులో పడగొట్టారు. చుట్టూ నీలం రేకులు,
లోపల బోరు వేస్తున్న మోత.
కందిపొడి ఆ రేకుల ముందు
సరిగ్గా గేటు ఉండే చోటే ఆగి
చపాతీ ముక్క కోసం తల ఎత్తుతుంది.
ముక్క వేసే చెయ్యి నర్సరావుపేట వెళ్ళిపోయింది.
లాగితే వస్తుంది.
లాగను.

మేం వచ్చేసరికి ప్రభుదాసు నిచ్చెన మీద,
నోట్లో రెండు స్క్రూలు.
మాది మద్రాసు టెర్రసు. టేకు దూలాలు, నిలువు ఇటుకలు,
బెల్లం, కరక్కాయ కలిపి తాత పోయించిన గచ్చు.
దాని మీద సిమెంటు, తారు, తెల్ల పెయింటు,
ఎవరి భయం వాళ్ళు పూసి పోయారు.
అయినా అక్టోబరు వానకి
పప్పు గిన్నె పక్కనే ఇంకో గిన్నె పెట్టాలి.
చినుకు పడితే కందిపొడి ఒక చెవి లేపుతుంది.
రెండో దానికి ఇక వినపడదు.

పిట్టగోడలో రావి మొక్క.
ఆదివారం చర్చి నుంచి రాగానే పీకుతాం,
ఇంకో ఆదివారానికి మమ్మల్ని క్షమించి మళ్ళీ మొలుస్తుంది.
డెవలప్‌మెంటుకి ఇవ్వండంటూ బ్రోకరు
గేటులో కాగితాలు గుచ్చిపోతాడు.
మంచి మందం. తడి గుమ్మం ముందు పరుస్తాం.

మస్తాన్ మేస్త్రి వచ్చాడు.
తూర్పు గోడని వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించాడు,
పుచ్చకాయ కొనేవాడిలా.
"డొల్లగుందక్కా. పెచ్చు తీశామా, మొత్తం వస్తది.
ముట్టుకోకపోతే పదేళ్ళుంటది."
టీ తాగి, డబ్బులొద్దన్నాడు.
వెళ్తూ కుక్క నడుము మీద చెయ్యేసి
ఏదో అనబోయి ఊరుకున్నాడు.

అప్పట్నుంచి ఆ గోడకి మేకు కొట్టలేదు.
క్యాలెండరు బీరువా తలుపుకి మారింది.
ప్రభుదాసు ఆ గదిలో ఫోను కూడా మెల్లగా మాట్లాడతాడు.
నాకు తుమ్మొస్తే వరండాలోకి వెళ్ళి తుమ్ముతాను.
తెలుసు, తుముకి గోడలు పడవని.
తెలిసినవన్నీ ఇంట్లో ఉన్నప్పుడు గుర్తుండవు.

కందిపొడికి ఎవరూ చెప్పలేదు.
ఎండ తగ్గాక వెళ్ళి, వెనక కాళ్ళు ఒకటొకటిగా సర్దుకుని,
సరిగ్గా ఆ గోడకే వీపు ఆనించి
దురద తీరేదాకా రుద్దుకుంటుంది,
అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు.
నిచ్చెన మీద వాడూ, గుమ్మంలో నేనూ
ఊపిరి బిగబట్టి చూస్తాం.

గోడ కాస్త సున్నం రాల్చి ఊరుకుంటుంది.

చీపురు తెచ్చి
ముందు కుక్కని దులుపుతాను,
తర్వాత నేలని.