తాలీముకెవర్ని పెట్టావు

ఆమదాలవలసలో ఆఖరి పాసింజరు వెళ్ళిపోయాక
జెరాక్సు మిషను మీద గుడ్డ కప్పి
షట్టరు సగం దించి
నేను రాజునవుతాను.

పదకొండు కోటలు, నాలుగు నదులు,
మా వైపు ఎప్పుడూ చూడని ఆకురాలు కాలం.
ఋతువుకొక పని, ఒక్కో సేనానికి:
ఒకడు గోడ కట్టిస్తాడు,
ఒకడు పొలం దున్నిస్తాడు,
ఒకడు కొత్తగా చేరిన మూడువేలమందికి
బల్లెం పట్టడం నేర్పుతాడు.

నేర్పడానికి ఎప్పుడూ ముసలాణ్ణే పెడతాను.
శౌర్యం ముప్పైయెనిమిది, బుద్ధి నలభైయొకటి.
యుద్ధానికి పనికిరాడు, రాయబారానికి అసలే రాడు.
బొమ్మలో కూడా సగం నిద్రలో ఉంటాడు.
అతని పేరు మీద ఒక్క నొక్కు.
శిక్షణ నలభైమూడు కాస్తా యాభైయైదు.
టీ గుక్క గొంతు దిగేలోపు
సైన్యం తయారు.

ఆ రాత్రి షట్టరు కింద వంగి వచ్చాడు
మాజీ హవల్దారు గేదెల చిన్నంనాయుడు.
చేతిలో తొమ్మిదిమంది గుంటల దరఖాస్తులు.
ఫోటో ఇరవై కేబీ దాటకూడదు,
తవిటినాయుడి సంతకం చూస్తే గడిలో ఇమడదు.
నేను కుదిస్తున్నాను, ఆయన పక్క తెర చూస్తున్నాడు.

"ఏటిది?"
చెప్పాను.
"తాలీముకెవర్ని పెట్టావు?"
చూపించాను.
కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి
చాలాసేపు చూశాడు ముసలాణ్ణి,
రైల్లో మనూరోడెవడో తగిలినట్టు.
"ఎందుకూ పనికిరానోణ్ణి ఇక్కడెట్టీసినావన్నమాట."
కోపంగా కాదు.
బియ్యంలో రాయి ఏరి చూపించినట్టు.

"ఇందల్లో డొక్క పట్టీసి కూలబడిపోయినోడు ఏడ్రా?"
లేడన్నాను.
"ఎడమా కుడీ తెలీనోడు?"
వాడూ లేడు.
"మరి పన్నెండు ఎలాగ పెరిగింది?"

ఇరవైరెండేళ్ళ నౌకరీలో
ఆయన ఒక్క యుద్ధమూ చూళ్ళేదని ఊరందరికీ తెలుసు.
సరిహద్దు నుంచి వచ్చినవాళ్ళు
టీకొట్టు దగ్గర మంచు గురించి మొదలెడితే
గ్లాసు బల్ల మీద బోర్లించి లేచిపోతాడు.
ఆయనకున్నది ఎర్రదుమ్ము, ఒక ఈల.
ఎవడో గుంటడికి ఎన్నాళ్ళకీ కాలు కలవకపోతే
ఎడం మడమకి గోగునార కట్టి
నార, వట్టి, నార, వట్టి అంటూ
నెల్లాళ్ళు నడిపించాడట.

తెల్లారగట్ల నాలుగున్నరకి
ప్రింట్లు ఇద్దామని వెళ్ళాను.
మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ గోడ వెంట
తొమ్మిది ఊపిర్లు.
పదహారొందల మీటర్లు.
ముందున్నవాడి పక్కన ఎవరూ లేరు.
ఆఖరివాడి వెనక మాత్రం
లైటు లేని సైకిలు,
పడిపోకుండా ఎంత మెల్లగా తొక్కొచ్చో అంత మెల్లగా.
తిట్టట్లేదు. మాట్లాడట్లేదు.
చైను చప్పుడు ఒక్కటే
తవిటినాయుడి మడమల వెనక.

ఆ రాత్రి ముసలాణ్ణి తప్పించాను.
శౌర్యం తొంభైయారు ఉన్న రౌతుని
పడమటి కోట నుంచి పిలిపించి తాలీముకి పెట్టాను.
ఇరవై అంకెలు పెరిగాయి.
పడమటి కోట పోయింది.
చనిపోయినవారు: రెండువేల నూటనలభై.
ముసలాడి బొమ్మ కింద 'పని లేదు' అని వచ్చింది.
అతను నేర్పినవాళ్ళ పేర్ల కోసం
ఆ గడీ ఈ గడీ నొక్కి చూశాను.
ఆట అవేవీ దాచుకోదు.

వారం పోయాక చిన్నంనాయుడు
పాలలెక్కల పుస్తకమొకటి తెచ్చాడు,
చెమ్మకి పోతోంది, నకలు తియ్యమన్నాడు.
వెనక పదకొండు పేజీలు.
పేరు, ఊరు, ఎత్తు, ఛాతీ.
గుంట పోలినాయుడు, ముప్పైయొకటిన్నర, గాలి పీలిస్తే ముప్పైనాలుగు.
కొన్ని పేర్ల పక్కన చుక్క.

గాజు మీద మరకేమో అనుకుని
గుడ్డతో తుడిచి మళ్ళీ తీశాను.
చుక్కలు అలాగే వచ్చాయి.
ఆయన చిల్లర లెక్కపెడుతున్నాడు.