విడదీసి రాయండి

డాండెనాంగ్‌లో మా షెడ్డుకి
అమెరికా బళ్ళు ఎర్రకళ్ళతో వస్తాయి.
వెనక దీపం ఒక్కటే, పనులు రెండు.
ఆగినా ఎరుపే, మలుపు తిరిగినా ఎరుపే.
ఇక్కడి రూలు ఒప్పుకోదు.
తిరిగేవాళ్ళు పసుపూ కాక, ఎరుపూ కాక,
పసుపులో సున్నం పడ్డాక పారాణి కాబోయే ముందు
అరక్షణం మెరిసే ఆ రంగులో
చెప్పి మరీ తిరగాలి.

మా ఓనరు జ్లాట్కో దాన్ని ఆంబర్ అంటాడు.
పదకొండేళ్ళుగా వైర్లు ఒలుస్తున్నాను,
ఇంకా ఆ రంగుకి మా ఇంటి మాట దొరకలేదు.

మంగళవారం. వాన.
ఒహాయో నుంచి ఓడెక్కి వచ్చిన పికప్,
తలుపు అంచుల్లో రోడ్డు ఉప్పు తినేసిన తుప్పు.
తెచ్చినావిడ లొరెయిన్, డెబ్భై దాటిన మనిషి.
బండి వాళ్ళక్క డాట్‌ది, వీలునామాలో రాసి పోయిందట.
"ఓడ కిరాయికి ఇలాంటివి రెండు కొనొచ్చు"
అని నవ్వబోయి
వెనక ఎడమ మూల సొట్ట దగ్గర ఆగిపోయింది.

"ఇది నా పనే.
టొలీడోలో మంచు పడే సాయంత్రం.
అక్క ముందు, నేను వెనక.
దాని కుడి బల్బు మాడిపోయింది, ఎడమది ఒక్కటే
ఎర్రగా వెలిగి, ఆరి, వెలిగి.
జారుడు రోడ్డు కదా, బ్రేకు తడుతోంది అనుకున్నా.
అది తిరుగుతోంది.
పక్కనుంచి దాటబోయాను."

చెప్పాను కదా, అందిట అక్క.
ఎక్కడ చెప్పావు, అందిట ఈవిడ.
ఆ రెండు ముక్కల మీద
ఆరేళ్ళు మాటల్లేవు.

బండి కింద వెల్లకిలా పడుకుని టార్చి నోట్లో పెట్టుకున్నాను.
ఎందుకో మా సోమిదేవమ్మ టీచరు గుర్తొచ్చింది,
ఎనిమిదో తరగతి, బోర్డు మీద సుద్దముక్క కీచుమంటూ:
విడదీసి రాయండి. వెళ్ళొస్తా.
వెళ్ళి + వస్తా, అని రాశాను.
మార్కు పడింది.
కానీ మధ్యలో ఆ కూడిక గుర్తు చూస్తే
ఏదో బెంగ.
కలిపి అన్నంతసేపూ ఎవరూ వెళ్ళిపోయినట్టు ఉండదు.

సరే, పనిలోకి.
ఒకే తీగలో ఒదిగిన రెండు మాటల్ని కటింగ్ ప్లయరుతో తెంపాను.
ఆగడం ఇటు. తిరగడం అటు.
మధ్యలో కొత్త రిలే, గోడ మీద బల్లిలా టిక్కు టిక్కుమంటూ.
"సొట్ట కూడా తీయించమంటారా?"
"దాని జోలికి పోకు."

పరీక్షకి బ్రేకు మీద చీపురుకర్ర బిగించి
ఎడమ సిగ్నల్ వేసి వదిలాను.
నీళ్ళూ నూనే కలిసిన గుంటలో
ఎరుపు కదలకుండా నిలబడింది,
దాని పక్కన ఆ పేరులేని రంగు
వస్తూ పోతూ ఉంది.
లొరెయిన్ గొడుగు తీసుకోకుండానే బయటికి నడిచింది.
బండికి వెనకగా, నాలుగు గజాల దూరంలో,
సరిగ్గా ఆ రోజు తన బండి ఉండాల్సిన చోట నిలబడింది.
చాలాసేపు చూసింది.

"ఇంత తేలికా," అంది.

డబ్బులు కట్టింది. రసీదు మడిచి దాచుకుంది.
గేటు దగ్గర చక్కగా చెప్పి ఎడమకి తిరిగింది.
తర్వాత ఆపడం మర్చిపోయింది కాబోలు,
హైవే పొడుగునా తిరుగుతా, తిరుగుతా అంటూనే
తిన్నగా వెళ్ళిపోయింది.

నా జేబులో ఆ బండి పాత బల్బు.
తీసి వెలుతురుకి పట్టి చూశాను:
ఒకే గాజుబుడ్డిలో రెండు వెంట్రుక తీగలు,
ఒకదాన్ని ఒకటి తాకకుండా,
అంత దగ్గరగా.

జ్లాట్కో హారన్ కొడుతున్నాడు.
ఇంకో ఎర్రకళ్ళది వచ్చింది.