ఒళ్లె పలక

ఏటూరునాగారంల బస్సెక్కంగనే
కండక్టరు కొమురెల్లి అన్నడు:
"ఆ సంచి పైన పెట్టరాదక్కా, ఖాళీగనే ఉన్నది."
పెట్టలె.
పట్టీని మోచేతికి రెండు చుట్లు చుట్టి
ఒళ్లెనే పెట్టుకున్న.

సంచిల సద్ది గిన్నె.
గిన్నె కింద తువ్వాల. తువ్వాల మడతల
ఆఫీసోళ్లిచ్చిన ట్యాబు.
దొంగ చెయ్యి పచ్చిపులుసు దాకనే వచ్చి
ఛీ అని మళ్లుతదని నా లెక్క.
పచ్చిపులుసు కారితే మాత్రం
దొంగతోని పనే లేదు.

ట్రైనింగుల ఇలియాస్ సారు చెప్పిండు:
బస్టాండ్ల ఉత్తగ దొరికే వైఫై
ఉత్తగ పోసే కల్లు లాంటిదమ్మా,
ఏం కలిపిన్రో తాగినంక గాని తెల్వదు.
పుట్టిన తారీకు తాళం కింద పెట్టొద్దన్నడు.
నా పుట్టిన తారీకు
బడిల పంతులు తోచింది రాసిందే,
అయినా పెట్టలె.
ఏం పెట్టిన్నో ఇక్కడ రాయ.

పోగొట్టుకుంటే వెంటనే ఫోన్ చెయ్యి,
ఇక్కడ కూసునే మొత్తం తుడిపిస్త అన్నడు.
తడి బట్టతోని పలక తుడిచినట్టు.

ఈ పలక మీద రెండు వందల పద్నాలుగు పేర్లు.
ఎవరు ఏ మందు మింగుతున్నరు,
ఎవరు రెండు నెలల సంది రాలె,
ఎవరు ఇంట్ల చెప్పలె.
బయటవడితే ఎవరూ కొట్టరు, తిట్టరు.
చాయ్ హోటల్ల గ్లాసు వేరే అయితది.
ఆటోల పక్కోడు జరంత జరిగి కూసుంటడు.
ఆ జరంత జాగ మనిషిని చంపుతది.

పస్రాల ఎక్కిండు
నూట ముప్పై ఏడో నంబరు.
పేరు చెప్ప.
ఎనుమాములకు మిర్చి బస్తాలు డీసీఎంల ముందు పోయినయంట,
తనూ బావమర్దీ బస్సుల.
అంగీల మీది ఘాటుకు సగం బస్సు తుమ్మింది.
నన్ను చూసి
కిటికీ అవతల ఏదో పోగొట్టుకున్నట్టు
అటే చూసుకుంట నిలవడ్డడు.

ములుగు దాటినంక బావమర్ది అడిగిండు:
"ఈ మేడమ్‌ను ఏడ్నో చూసిన.
బావా, నీకెరుకనా?"

ట్యాబు తాళానికి ఆరంకెలు.
ముఖానికి తాళమేసుడు
ఏ ట్రైనింగుల నేర్పలె.
"నేను గీ బస్సుల రోజు తిరుగుత అన్నా,
ఈడ్నే చూసి ఉంటవ్" అన్న.
నవ్విన్నో లేదో గుర్తు లేదు.
నూట ముప్పై ఏడు గొంతు సవరించుకున్నడు.

గూడెప్పాడ్ కాడ బ్యాటరీ తొమ్మిది.
పక్క సీటు పిలగాడు, మెడల కాలేజీ కార్డు,
లాప్‌టాప్ తెరిచి వైరు చాపిండు:
"ఛార్జింగ్ పెట్టుకో అక్కా."
వద్దన్న.
"ఏం కాదక్కా" అన్నడు, చిన్నబోయిండు.
మంచోడే కావచ్చు.
దొంగను కాదనుడు అల్కనే,
మంచోన్ని కాదనుడే
హన్మకొండ దాకా కుచ్చుకుంటది.

ఆరిపోయింది ట్యాబు. మంచిదే.
సీకటి అద్దంల నా ముక్కు, నా బొట్టు,
వెనకాల ఎండ.
ఇది పోతే సారు తుడిపిస్తడు,
నేను చూసిన ముఖాలను
నాలోంచి ఎవరు తుడుస్తరు?
తుడవొద్దు కూడా.
వచ్చే నెల ఎవరు రాలేదో
నాకు తెల్వాలె గద.

హన్మకొండ బస్టాండ్ల తోపులాట.
దిగేటోళ్లు దిగకముందే ఎక్కేటోళ్లు.
మెట్టు మీద కాలు జారింది నాకు.
కింద నిలవడి ఉన్నడాయన,
బావమర్ది అప్పటికే ఆటో బేరంల ఉన్నడు.

"సంచి ఇటియ్యక్కా, పట్టుకుంట"
అని చెయ్యి చాపిండు.
చాపి,
ఏమనుకున్నడో,
మళ్ల ఎనుకకు తీసుకున్నడు.

"వద్దులే.
నీ కాడ్నే ఉండనియ్యి."