మందు లేని సూది

మళ్ళీ సూదా, అన్నాను గుమ్మంలోనే.
పదిహేడు రోజులుగా నా పొట్ట మీద
సూది మొన మోపేంత చోటు లేదు.
నీలం, ఆకుపచ్చ, పసుపు,
కమిలిన చోటల్లా ఒక తేదీ.

ఇసురుగి గారు నవ్వారు, నాకు కొంచెం ఎడంగా చూస్తూ.
ఆవిడకి చిన్నప్పటినుంచీ చూపు లేదు.
నియిగతలో ఆ సందు సందంతటికీ తెలుసు,
ఆ గదిలో లైటు వేసేది వచ్చినవాళ్ళ కోసమేనని.

"ఇందులో మందు లేదమ్మా. ఇది బోలు కూడా కాదు.
వెంట్రుకంత ఉక్కు. లోపలికేమీ పంపదు.
బిడ్డనిస్తుందని నేను చెప్పను.
ఆ పని స్టేషన్ పక్కన ఐదో అంతస్తువాళ్ళది.
నాది ఈ నలభై నిమిషాలు."

ఐదో అంతస్తులో డాక్టర్ తెర మీద చూపిస్తాడు:
ఇది మంచి రకం, ఇది రెండో రకం, ఇది పనికిరాదు.
ఆ భాష నాకు కొత్త కాదు.
బియ్యపు బిళ్ళల ఫ్యాక్టరీలో నా పనీ అదే,
బెల్టు మీద సాగిపోయేవాటిలోంచి
అంచు విరిగినవి ఏరి పక్కన పడేయడం.

ఈవిడ నా మణికట్టు మీద మూడు వేళ్ళుంచి
మూసిన తలుపు అవతల మాటలు విన్నట్టు
చాలాసేపు విన్నారు.
"నిద్ర లేదు కదూ. పాదాలు మంచుగడ్డలు."
అంతే. ఏ రకమో చెప్పలేదు.

సన్నటి గొట్టంలో సూది, పైన చూపుడువేలితో
చిటుక్కున ఒక తట్టు.
ఇంకొకటి ఎప్పుడా అని ఎదురుచూస్తూ
కప్పు మీంచి మంచు జారే చప్పుడు పూర్తిగా వినకముందే
నిద్రపోయాను.

లేచేసరికి పళ్ళెంలో ఒక్కొక్కటే రాలుస్తూ లెక్కపెడుతున్నారు.
పది.
"గుచ్చింది పదకొండు!"
మడమ నుంచి మాడు దాకా ఆవిడ వేళ్ళు వెతికాయి.
నేనూ వెతికాను. ఉన్న కళ్ళు ఎందుకూ పనికిరాలేదు.
చివరికి ఆవిడ చొక్కా చేతి మడతలోనే,
బుద్ధిగా, నిలువుగా.
ఇద్దరం ఆయాసం వచ్చేదాకా నవ్వాం.
అంతకుముందు అలా ఎప్పుడు నవ్వానో
కోహెయ్‌ని అడగాలి.

గురువారం పిండాన్ని పెట్టారు.
మెట్లు కూడా నిద్రలేస్తాయేమో అన్నట్టు దిగాను.
పదమూడో రోజు, తెల్లారకముందే, నెత్తురు.

ఆ వారమూ మామూలు వేళకే వెళ్ళాను.
"ఇవాళ దేనికోసం?"
దేనికోసమూ కాదు.
ఆవిడ మారుమాట లేకుండా దుప్పటి పరిచారు.
సంచీలోంచి పొట్లం తీశాను,
మాకు సగం ధరకిచ్చే విరిగిన బిళ్ళలు.
ఒకదాన్ని చుట్టూ తడిమి చూసి
విరిగిన వైపునుంచే కొరికారు.

లైటు వేయడం ఇద్దరం మరిచిపోయాం.
చీకట్లో కాసేపు కరకరలే.