డిక్టేషన్

"మాట" అన్నాను.
మూడో బెంచీలో నాగూర్‌బీ "పాట" అని రాసింది.
ఎర్ర సిరాతో కొట్టేశాను.
మర్నాడు "బాట" అంటే
"మాట" అని రాసింది.

ఆ రాత్రి లాలాపేట గదిలో
అద్దం ముందు నిలబడి
గొంతు పెగలనీకుండా
మూడూ పలికి చూసుకున్నాను.
ఒకేలా మూసుకుని
ఒకేలా విచ్చుకున్నాయి పెదాలు.
పాతికేళ్ళుగా పాఠం చెప్పే నోరు
తేడా చెప్పలేకపోయింది.

చెవిమిషన్‌లో బ్యాటరీ అయిపోయి
పదకొండు రోజులట.
మిర్చియార్డులో తొడాలు తీసే వాళ్ళమ్మకి
శనివారం గానీ కూలి రాదు.
నేను అడిగిందీ లేదు.

ఇవాళ తనని ముందుకు పిలిచి
సుద్దముక్క నేను పట్టుకున్నాను.
వేళ్ళు గడ్డం దగ్గర ఆడించి
ఏదో చెప్పింది.
"వాన" అని రాశాను.

వెనకబెంచీ నవ్వింది, నన్నే.
నాగూర్‌బీ నవ్వలేదు.
నా జేబులోని ఎర్రపెన్ను కోసం
చెయ్యి చాపింది.